వయల్‌లో ఉన్నది ఏ యూఎస్‌పీ7?

ఇతర ప్రోటీన్లకు అంటిన యుబిక్విటిన్ అనే చీటీని కోసి తీసేసే మానవ యూఎస్‌పీ7 ఎంజైమ్ పరిశోధనశాలలకు ప్రధానంగా రెండు రూపాల్లో దొరుకుతుంది. ఒకటి 1102 అమైనో ఆమ్లాలూ ఉన్న పూర్తి ప్రోటీన్. రెండోది 208 నుంచి 560 వరకు ఉన్న నడిమి ముక్క, అంటే అసలు కోత పని చేసే భాగం. వయల్ (చిన్న సీసా) మీద పేరు రెండింటికీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. చిన్న అక్షరాల్లో రాసిన వివరం చూడకపోతే చేతిలో ఉన్నది ఏదో తెలియదు. పూర్తి ప్రోటీన్ బరువు సుమారు 128 కిలోడాల్టన్లు, ముక్క బరువు సుమారు 41. ఒక మైక్రోగ్రామ్ తీసుకుంటే మొదటిదానిలో 8 పికోమోల్స్ (అణువుల సంఖ్యను చెప్పే కొలత) కంటే కాస్త తక్కువ, రెండోదానిలో 24 పికోమోల్స్ ఉంటాయి. బరువు సమానంగా తీసుకుని పోలిస్తే లెక్క మొదట్లోనే మూడు రెట్లు తప్పుతుంది. ఇంత తేడా ఉన్నా, తక్కువ అణువులున్న పూర్తి ప్రోటీనే చాలా ఎక్కువ పని చేస్తుంది. ఎందుకలా అన్నది తెలిస్తే ఈ ఎంజైమ్ స్వభావం సగం అర్థమైనట్టే. రీకాంబినెంట్ ఎంజైమ్‌తో, అంటే జన్యువును వేరే కణంలో పెట్టి తీసిన ఎంజైమ్‌తో, వచ్చిన ఫలితాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా అక్కడే తేలుతుంది.

ముందు కొంచెం నేపథ్యం. మన కణాల్లో యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్ ఉంటుంది. 76 అమైనో ఆమ్లాలు, సుమారు 8.5 కిలోడాల్టన్లు. సరుకు బస్తాకు కట్టే చీటీలాగా కణం దీన్ని ఇతర ప్రోటీన్లకు తగిలిస్తుంది. చీటీని బట్టి ఆ ప్రోటీన్ ప్రోటియాసోమ్‌కు (కణంలో ప్రోటీన్లను నరికే యంత్రానికి) వెళ్లి ముక్కలైపోవచ్చు, కణంలో ఇంకో చోటికి చేరవచ్చు, లేదా మరో ప్రోటీన్‌తో జత కట్టవచ్చు. యుబిక్విటిన్ ద్వారా ప్రోటీన్లు నాశనమయ్యే తీరును కనిపెట్టినందుకు ఆరన్ చిహనోవర్, అవ్రామ్ హెర్ష్కో, ఇర్విన్ రోజ్‌లకు 2004లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తగిలించిన యుబిక్విటిన్‌ను తీసేసే ఎంజైమ్‌లే డీయుబిక్విటినేజ్‌లు. ల్యాబ్‌లలో పొట్టిగా డబ్‌లు అంటారు. మనిషిలో ఇవి దాదాపు వంద ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం సిస్టీన్ ప్రోటియేజ్‌లు, అంటే సిస్టీన్ అనే అమైనో ఆమ్లంతో కోసేవి. ఒక్క జామ్ కుటుంబం మాత్రం జింక్ అయాన్ మీద ఆధారపడుతుంది. సిస్టీన్ రకాల్లో అన్నిటికంటే పెద్దది యూఎస్‌పీ కుటుంబం. అందులో లోతుగా పరిశీలించిన వాటిలో యూఎస్‌పీ7 ఒకటి.

దీన్ని మొదట గుర్తించింది క్యాన్సర్ పరిశోధనలో కాదు, వైరస్ పరిశోధనలో. 1990లలో గ్లాస్గోలో రోజర్ ఎవరెట్ బృందం హెర్పిస్ సింప్లెక్స్ వైరస్‌కు చెందిన ఐసీపీ0 ప్రోటీన్ మానవ కణంలో దేనికి అతుక్కుంటుందో వెతికింది. అప్పుడు దొరికిందే ఇది. అందుకే హాస్ప్ అన్న పాత పేరులో ఇప్పటికీ హెర్పిస్ ఉంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ ప్రోటీన్ ఈబీఎన్ఏ1 కూడా దీన్నే పట్టుకుంటుందని తర్వాత తేలింది. వేర్వేరు వైరస్‌లు పనిగట్టుకుని ఒకే ఎంజైమ్ మీద పడుతున్నాయంటే కణంలో దాని స్థానం ఎంత కీలకమో ఊహించవచ్చు.

ఇప్పుడు కోత విషయం. యుబిక్విటిన్ చివర ఉన్న 76వ గ్లైసీన్, లక్ష్య ప్రోటీన్‌లోని లైసీన్‌తో ఐసోపెప్టైడ్ బంధం కట్టుకుని ఉంటుంది. యూఎస్‌పీ7లోని 223వ సిస్టీన్ ఆ బంధం మీద దాడి చేస్తుంది. 464వ హిస్టిడిన్, 481వ ఆస్పార్టేట్ దానికి తోడుంటాయి. లక్ష్య ప్రోటీన్ విడిపోతుంది, యుబిక్విటిన్ మాత్రం కాసేపు సిస్టీన్‌కు థయోఎస్టర్‌గా అంటుకుని ఉంటుంది. తర్వాత నీటి అణువు వచ్చి దాన్ని కూడా విడిపిస్తుంది. 2002లో యిగాంగ్ షి బృందం ఈ నడిమి ముక్క నిర్మాణాన్ని రెండు స్థితుల్లో చూపించింది: యుబిక్విటిన్ లేనప్పుడు ఒకటి, యుబిక్విటిన్ ఆల్డిహైడ్ (కోత సిస్టీన్‌కు అంటుకునే యుబిక్విటిన్ రూపం) అంటుకున్నప్పుడు ఒకటి. ఆశ్చర్యం కలిగించింది మొదటి స్థితి. అందులో సిస్టీన్, హిస్టిడిన్ ఒకదానికొకటి అందనంత దూరంలో, కోతకు సిద్ధంగా లేని తీరులో ఉన్నాయి. యుబిక్విటిన్ వచ్చి కూర్చున్నాకే అవి సరైన చోటికి చేరాయి. అంటే ఈ ముక్క ఖాళీగా ఉన్నప్పుడు నిద్రపోతున్న ఎంజైమే.

దాన్ని మేల్కొలిపేది ప్రోటీన్ మరో చివరన ఉంది. నడిమి ముక్క తర్వాత యుబిక్విటిన్‌ను పోలిన ఐదు గుళికలు వరసగా ఉంటాయి, వాటి తర్వాత ఒక పొట్టి తోక. ఆమ్‌స్టర్‌డామ్‌లో టిటియా సిక్స్‌మా బృందం 2011లో చూపించినదేమిటంటే, ఆ చివరి గుళికలు వెనక్కి మడతపడి, తోకలోని చివరి 19 అమైనో ఆమ్లాలతో కోత భాగాన్ని తాకి, దాన్ని పనిచేసే స్థితిలో నిలబెడతాయి. జీఎంపీ సింథటేజ్ అనే వేరే ఎంజైమ్ వచ్చి అతుక్కుంటే ఈ మడత ఇంకా స్థిరపడి వేగం పెరుగుతుంది. తోక లేని ముక్కకు ఈ ఏర్పాటు ఏదీ లేదు. పూర్తి ప్రోటీన్‌తో పోలిస్తే ముక్క చాలా రెట్లు బలహీనంగా ఉండటానికి అసలు కారణం ఇదే.

మరి ముక్కను ఎవరైనా ఎందుకు వాడతారు? తయారు చేయడం సులువు కాబట్టి. ఈ.కోలైలో బాగా పండుతుంది, స్ఫటికాలు కడుతుంది, ఇన్హిబిటర్ (ఎంజైమ్‌ను ఆపే రసాయనం) ఎక్కడ అతుక్కుందో చూడాలంటే దానంత అనువైనది లేదు. ఆ పనికి అది సరైన ఎంపికే. కానీ ముక్క మీద కొలిచిన వేగాన్ని యూఎస్‌పీ7 వేగం అని రాయడం మాత్రం సరికాదు. మొదటి చివరన ఉన్న ట్రాఫ్ గుళిక విషయమూ ఇంతే. క్యాన్సర్‌ను అడ్డుకునే పి53, దాన్ని నాశనానికి పంపే ఎండీఎం2, ఈబీఎన్ఏ1 వంటివి వచ్చి అతుక్కునేది ప్రధానంగా అక్కడే. ఆ గుళిక లేని ఎంజైమ్‌కు పి53 ఇచ్చి "కోత సరిగా పడలేదు" అని తేల్చేస్తే, ఎంజైమ్‌కు పట్టుకునే చెయ్యే లేదన్న సంగతి మరిచిపోయినట్టు.

తయారీ ఎక్కడ జరిగిందన్నది కూడా చూడాలి. ఈ.కోలైకి సొంత యుబిక్విటిన్ వ్యవస్థ లేదు. అందువల్ల శుద్ధిలో చిన్న లోపమున్నా, బాక్టీరియా తాలూకు మరో డబ్ కలిసిపోయి మనల్ని మోసం చేసే భయం చాలా తక్కువ. ఇది చాలా పెద్ద సౌకర్యం. బాక్యులోవైరస్‌తో ఎస్ఎఫ్9 వంటి కీటక కణాల్లో తీస్తే పెద్ద ప్రోటీన్లు మెరుగ్గా మడతపడతాయి, ఫాస్ఫేట్ వంటి మార్పులు కొన్ని చేరే అవకాశమూ ఉంటుంది. అయితే ఆ కణాలకు సొంత డబ్‌లు ఉంటాయి. వాటిలో ఒక్క శాతం కలిసినా, అది చురుకైనదైతే కొలతను తారుమారు చేయగలదు. అందుకే కీటక కణాల నుంచి వచ్చిన ఎంజైమ్‌కు అదే పద్ధతిలో తీసిన నిర్జీవ రూపాన్ని పక్కన పెట్టి పోల్చడం తప్పనిసరి. 223వ సిస్టీన్ బదులు అలనిన్ గానీ సెరీన్ గానీ పెట్టిన రూపం ఈ పనికి సరిపోతుంది. దానిలోనూ కోత కనబడితే ఆ కోత యూఎస్‌పీ7ది కాదు. ఇంత నిక్కచ్చిగా చెప్పే కంట్రోల్ జీవరసాయన శాస్త్రంలో అరుదుగా దొరుకుతుంది. అది లేకుండా అచ్చయిన ఫలితాలు కనిపించినప్పుడు బాధ కలుగుతుంది.

శుద్ధి మామూలు పద్ధతిలోనే సాగుతుంది: హిస్టిడిన్ ట్యాగ్ (శుద్ధి కోసం ప్రోటీన్‌కు కలిపిన చిన్న భాగం) ఉంటే నికెల్ కాలమ్, జీఎస్‌టీ ట్యాగ్ ఉంటే గ్లూటాథయోన్ కాలమ్, అవసరమైతే టీఈవీ ప్రోటియేజ్‌తో ట్యాగ్ కోసేయడం, చివర్లో జెల్ ఫిల్ట్రేషన్. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. జీఎస్‌టీ తనంతట తాను జంటలు కడుతుంది. ట్యాగ్ తీయకుండా వాడితే ఎంజైమ్ కూడా జంటగా మారినట్టు కనిపించి, లేని సహకారం ఉన్నట్టు అనిపించవచ్చు.

చురుకుదనం కొలవడానికి ఎక్కువగా వాడేది యుబిక్విటిన్-ఏఎంసీ. యుబిక్విటిన్ చివర ఒక మెరిసే రసాయనం కట్టి ఉంటుంది. ఎంజైమ్ దాన్ని కోస్తే నీలి కాంతి, దాదాపు 460 నానోమీటర్ల దగ్గర, పెరుగుతూ పోతుంది. మందుల కోసం వెతికే సంస్థలు రోడమిన్-110 కట్టిన రూపాన్ని ఇష్టపడతాయి. నీలి వెలుగులో తమంతట తామే మెరిసే రసాయనాలు చాలా ఉన్నాయి, రోడమిన్ వెలిగే 535 నానోమీటర్ల దగ్గర అవి తక్కువ. రెండు పద్ధతులకూ ఒకే పరిమితి ఉంది. కణంలో కోత పడేది యుబిక్విటిన్‌కు, ఒక ప్రోటీన్‌లోని లైసీన్‌కు మధ్య. ఇక్కడ అవతలి వైపు ప్రోటీన్ లేదు, చిన్న రంగు అణువు ఒక్కటే ఉంది. యూసీహెచ్-ఎల్3 వంటి డబ్ దీన్ని విపరీతమైన వేగంతో కోస్తుంది. ఓటీయూబీ1 దీన్ని దాదాపు పట్టించుకోదు, కానీ 48వ లైసీన్ ద్వారా కట్టిన యుబిక్విటిన్ గొలుసును చక్కగా తెంచుతుంది. ఏఎంసీ ఒక్కటే చూసిన వాళ్లకు ఓటీయూబీ1 చచ్చిన ఎంజైమ్‌లా కనబడుతుంది. అందుకే కనీసం డై-యుబిక్విటిన్ (రెండు యుబిక్విటిన్‌ల గొలుసు) ఇచ్చి జెల్ మీద చూడాలి. 17 కిలోడాల్టన్ల పట్టీ తగ్గి 8.5 దగ్గర పట్టీ పెరిగితే కోత పడినట్టు.

యుబిక్విటిన్‌లో ఏడు లైసీన్లు ఉన్నాయి: 6, 11, 27, 29, 33, 48, 63. మొదటి మెథియోనిన్ ద్వారా కూడా గొలుసు కట్టవచ్చు. యూఎస్‌పీ7 ఈ గొలుసుల్లో చాలావాటిని కోస్తుంది, మెథియోనిన్ గొలుసును మాత్రం సరిగా కోయలేదు. కొన్ని డబ్‌లు ఇంత ఉదారంగా ఉండవు. ఓటులిన్ మెథియోనిన్ గొలుసునే, ఏఎంఎస్‌హెచ్ 63 గొలుసునే కోరుకుంటాయి. ఈ ఇష్టాయిష్టాలనే సాధనంగా మార్చుకున్న పద్ధతి యుబిక్రెస్ట్. తెలియని గొలుసున్న నమూనాను పంచి, ఒక్కో గొట్టంలో ఒక్కో రీకాంబినెంట్ డబ్ వేస్తారు. ఏ డబ్ దాన్ని కోసిందో చూసి గొలుసు రకం చెబుతారు. ఈ ఎంజైమ్‌ల ఉపయోగాల్లో అన్నిటికంటే అందమైనది ఇదే అనిపిస్తుంది. అయితే ఎంజైమ్ ఎక్కువ వేస్తే ఇష్టాయిష్టాలు చెరిగిపోతాయి. నానోమోలార్ మోతాదులో ఒకే గొలుసును కోసే డబ్, మైక్రోమోలార్ మోతాదులో అన్నిటినీ కోయవచ్చు. మోతాదు రాయని యుబిక్రెస్ట్ ఫలితానికి విలువ లేదు.

వయల్ మీద ఉండే యూనిట్ల గురించి కూడా జాగ్రత్త అవసరం. యుబిక్విటిన్-ఏఎంసీ ఖరీదైనది. యూఎస్‌పీ7కు దాని మీద ఉన్న పట్టు అంత బలమైనది కాదు, కేఎం విలువ (గరిష్ఠ వేగంలో సగం అందుకోవడానికి కావాల్సిన మోతాదు) పదుల మైక్రోమోలార్‌లలో ఉంటుంది. అంత సబ్‌స్ట్రేట్ (ఎంజైమ్ కోసే పదార్థం) ఎవరూ పోయలేరు కాబట్టి ఒక మైక్రోమోలార్ కంటే తక్కువే వాడతారు. ఆ స్థితిలో వేగం సబ్‌స్ట్రేట్ మోతాదును బట్టి నేరుగా మారుతుంది. రెండు కంపెనీలు వేర్వేరు మోతాదుల్లో కొలిచి ఇచ్చిన యూనిట్లను పక్కపక్కన పెట్టి ఏది మంచిదో తేల్చడం కుదరని పని.

ఆక్సీకరణ సమస్య అన్నిటికంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది. కోత చేసే సిస్టీన్ చురుకైనది కాబట్టే ఆక్సిజన్ సంబంధ రసాయనాలకు త్వరగా లొంగుతుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలితే ఎంజైమ్ ఆగిపోతుంది. దీన్ని కాపాడటానికి డీటీటీ వంటి రెడ్యూసింగ్ ఏజెంట్ (ఆక్సీకరణను అడ్డుకునే రసాయనం) వేస్తారు. డీటీటీ ఎక్కువ కాలం నిలవదు. 20 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7.5లో సుమారు 10 గంటల్లో సగమైపోతుంది, పీహెచ్ 8.5లో గంటన్నర చాలు. నిన్న చేసుకున్న బఫర్‌లో ఈరోజు ఎంజైమ్ పనిచేయలేదంటే ముందు అనుమానించాల్సింది ఎంజైమ్‌ను కాదు.

ఇంకో చిక్కు దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఉంది. కొన్ని రసాయనాలు డీటీటీ వంటి బలమైన రెడ్యూసింగ్ ఏజెంట్ సమక్షంలో రెడాక్స్ చక్రం తిరుగుతూ, అంటే ఎలక్ట్రాన్లు అందుకుని మళ్లీ వదిలేస్తూ, గొట్టంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తాయి. ఆ పెరాక్సైడ్ సిస్టీన్‌ను దెబ్బతీస్తుంది. చూసేవారికి మాత్రం అద్భుతమైన ఇన్హిబిటర్ దొరికినట్టు కనిపిస్తుంది. వేల రసాయనాలను జల్లెడ పట్టేటప్పుడు ఇలాంటివే పైకి తేలి, నెలల శ్రమను, డబ్బును మింగేస్తాయి. దాన్ని బయటపెట్టడం కష్టం కాదు: డీటీటీ బదులు సిస్టీన్ గానీ గ్లూటాథయోన్ గానీ పెట్టి మళ్లీ చూడటం, పెరాక్సైడ్‌ను విరిచే కెటలేజ్ ఎంజైమ్ కలిపి చూడటం. కెటలేజ్ కలిపితే ఇన్హిబిటర్ ప్రభావం మాయమైతే అది ఇన్హిబిటర్ కాదు, పెరాక్సైడ్ తయారీదారు.

వయల్‌లో ఎంత శాతం ఎంజైమ్ నిజంగా బతికి ఉందో తెలుసుకునే మార్గమూ ఉంది. యుబిక్విటిన్ వినైల్ సల్ఫోన్, యుబిక్విటిన్ ప్రొపార్జిలమైడ్ వంటి ప్రోబ్‌లు పనిచేసే సిస్టీన్‌కు శాశ్వతంగా అతుక్కుంటాయి. జెల్ మీద ముక్క పట్టీ 41 నుంచి దాదాపు 50 దగ్గరకు ఎక్కుతుంది. ఎక్కకుండా కింద మిగిలినదంతా చచ్చిన ప్రోటీన్. పూర్తి ప్రోటీన్‌కు 128 నుంచి 137కు మార్పు కాబట్టి తేడా తెలియాలంటే జెల్ పలచగా, పొడుగ్గా నడపాలి. విదేశాల నుంచి డ్రై ఐస్‌లో ఎంజైమ్ తెప్పించుకునే హైదరాబాద్ ల్యాబ్‌ల వంటివాటికి ఈ పరీక్ష చాలా విలువైనది. పార్సిల్ దారిలో ఎక్కడ ఆగిందో, మధ్యలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందో లేబుల్ చెప్పదు, ప్రోబ్ చెబుతుంది. వచ్చిన రోజే చిన్న చిన్న భాగాలుగా పంచి మైనస్ 80 డిగ్రీల్లో పెట్టుకోవడం, ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించకపోవడం, నానోమోలార్ స్థాయికి పలచన చేసేటప్పుడు గోడలకు అంటుకుపోకుండా కాస్త బీఎస్ఏ (ఆవు రక్తం నుంచి తీసిన అల్బుమిన్ ప్రోటీన్) కలపడం... ఇవన్నీ చిన్న అలవాట్లు. ఫలితం చాలాసార్లు వీటి మీదే నిలుస్తుంది.

గొట్టంలో నిజమైనది కణంలోనూ అలాగే నిజమవుతుందా అన్న ప్రశ్నకు యూఎస్‌పీ7 చరిత్రే గట్టి సమాధానం ఇస్తుంది. 2002లో కొలంబియా విశ్వవిద్యాలయంలోని వెయ్ గు బృందం, ఈ ఎంజైమ్ పి53 మీది యుబిక్విటిన్‌ను తీసేసి దాన్ని కాపాడుతుందని చూపించింది. పి53 క్యాన్సర్‌ను అడ్డుకునే ప్రోటీన్. ఆ లెక్కన యూఎస్‌పీ7ను తీసేస్తే పి53 తగ్గిపోవాలి. 2004లో జాన్స్ హాప్‌కిన్స్‌లోని బెర్ట్ వోగెల్‌స్టీన్ బృందం మానవ పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో జన్యువును పూర్తిగా తొలగించి చూస్తే పి53 పెరిగింది. రెండు ఫలితాలూ నిజమే. పి53ను నాశనానికి పంపే ఎండీఎం2 తనకు తాను కూడా యుబిక్విటిన్ తగిలించుకుంటుంది, దాన్ని కాపాడేదీ యూఎస్‌పీ7 ఎంజైమే. ట్రాఫ్ గుళికలో ఉన్న ఒకే గాడి కోసం రెండూ పోటీ పడతాయి, అందులో ఎండీఎం2 పట్టు ఎక్కువ. యూఎస్‌పీ7 పూర్తిగా పోతే ఎండీఎం2 కూలిపోతుంది, దాంతో పి53 పైకి లేస్తుంది. పి53, ఎంజైమ్ మాత్రమే ఉన్న గొట్టంలో ఈ మూడో పాత్ర లేదు, కాబట్టి ఈ మలుపు అక్కడ ఎంత వెతికినా దొరకదు.

క్యాన్సర్ మందుగా యూఎస్‌పీ7 ఇన్హిబిటర్ల మీద ఆశ మొదలైంది ఈ మలుపు దగ్గరే. తొలి తరం రసాయనాలు పీ5091, పీ22077 యూఎస్‌పీ7తో పాటు దాని దగ్గరి బంధువు యూఎస్‌పీ47ను కూడా ఆపాయి. 2017లో నేచర్ పత్రికలో రెండు వ్యాసాలు వచ్చి పరిస్థితి మార్చాయి. ఫోర్మా థెరప్యూటిక్స్ కంపెనీ రసాయనాల్లో ఎఫ్‌టీ827 నేరుగా 223వ సిస్టీన్‌కు బంధం కడుతుంది, ఎఫ్‌టీ671 బంధం కట్టకుండానే ఎంజైమ్ నిద్రలో ఉన్న రూపాన్ని పట్టి ఉంచుతుంది. జెనెన్‌టెక్ రసాయనాలు జీఎన్ఈ-6640, జీఎన్ఈ-6776 సిస్టీన్‌కు 12 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో కూర్చుని యుబిక్విటిన్ సరిగా అతుక్కోకుండా చేస్తాయి. ఆ చోటు యుబిక్విటిన్ 48వ లైసీన్ వచ్చి తాకే చోటే. ఒక రసాయనం ఎక్కడ కూర్చుందో చూసి ఎంజైమ్ ఏ యుబిక్విటిన్‌ను ఇష్టపడుతుందో తెలుసుకోవడం ఈ రంగంలో గొప్ప సంఘటన. ఈ నిర్మాణాలన్నీ కోత ముక్కతోనే సాధ్యమయ్యాయి. ముక్కను తక్కువ చేసి చూడకూడదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. ఆ తర్వాత అదే రసాయనాన్ని పూర్తి ప్రోటీన్ మీద, మిగతా డబ్‌ల మీద, చివరికి కణాల్లో పరీక్షించి చూడటమే దాన్ని నమ్మదగినదిగా చేసింది.

వయల్ మీద "పరిశోధనకు మాత్రమే" అని ఉంటుంది. ఇది చట్టం కోసం రాసిన మాట మాత్రమే కాదు. ఈ.కోలై నుంచి వచ్చిన ప్రోటీన్‌లో ఎండోటాక్సిన్ (బాక్టీరియా పొరలోని విషపదార్థం) ఉండవచ్చు, రోగనిరోధక కణాలు దానికి గట్టిగా స్పందిస్తాయి. పైగా 128 కిలోడాల్టన్ల ప్రోటీన్ తనంతట తాను కణపు పొర దాటదు. కల్చర్‌లో పోసి కణాలు మారాయని రాస్తే, ఆ మార్పు ఎంజైమ్ వల్ల వచ్చిందన్న దానికి ఆధారం లేదు.

2015లో ఈ ఎంజైమ్‌కు మరో ముఖం బయటపడింది. యూఎస్‌పీ7 జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి దెబ్బతిన్న పిల్లల్లో ఎదుగుదల ఆలస్యం, మాటలు రాకపోవడం, కండరాల సత్తువ తగ్గడం, ఆటిజం లక్షణాలు, కొందరిలో మూర్ఛలు కనిపిస్తాయి. దీన్ని హావో-ఫౌంటెన్ సిండ్రోమ్ అంటారు. చాలామందిలో ఈ మార్పు తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, కొత్తగా పుట్టింది. కొందరిలో జన్యువు భాగమే లేకుండా పోతుంది, కొందరిలో ఒకే ఒక్క అమైనో ఆమ్లం మారుతుంది. ఆ ఒక్క మార్పు కోతను దెబ్బతీసిందా, ప్రోటీన్ మడతను చెడగొట్టిందా, ట్రాఫ్ గుళిక పట్టును వదులు చేసిందా, లేక తోక వెనక్కి వచ్చి ఎంజైమ్‌ను మేల్కొలిపే ఏర్పాటును విరిచిందా అన్నది ఒక్కో కుటుంబానికి నిజమైన ప్రశ్న. మారిన ప్రోటీన్‌ను రీకాంబినెంట్‌గా తీసి, మామూలు ప్రోటీన్ పక్కన పెట్టి కొలవడం దానికి సమాధానం వెతికే నేరుదారి. మార్పు 560కి అవతల ఉంటే మాత్రం కోత ముక్క ఎందుకూ పనికిరాదు. అక్కడ పూర్తి 1102 అమైనో ఆమ్లాల ప్రోటీన్ కావాల్సిందే.